జెండా పట్టుకున్న మనిషి

హెలికాప్టర్ కూలిన సంగతి నర్సీపట్నంలో నా వయసు వాళ్ళెవరినడిగినా చెబుతారు. పైలట్ కాలు విరిగిందని చెబుతారు. ముక్కలు చూడ్డానికి సైకిళ్ళ మీద ముగ్గురేసి ఎలా వెళ్ళారో చెబుతారు. ఆ చెరకుతోటలో ఆ పూట ఇంకో మనిషి కూడా ఉందని మాత్రం ఒక్కరికీ గుర్తుండదు. నాకు మండేది అక్కడే. నలభై ఏళ్ళు దాటినా ఆ మంట తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. ఊరి బయట మిషన్ వాళ్ళ చిన్న ఆస్పత్రి ఒకటుండేది. పదిహేను మంచాలు, ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు, ముగ్గురం నర్సులం. ఇప్పుడు ఆ ఆస్పత్రి లేదు. మా తాత మిషన్ బంగళాలో వంట చేసినవాడు. మా అమ్మ ఊరూరా తిరిగి వాక్యం చెప్పేది. నన్ను నర్సు ట్రైనింగుకు పంపినప్పుడు మా సంఘం వాళ్ళంతా ప్రార్థన చేసి బస్సెక్కించారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పనిలో చేరి నాలుగేళ్ళయింది.

ఆ ఏడు చెరకుకు ఆకుదోమ పట్టింది. ఆకులు జిగురు కారి నల్లబడిపోయాయి. తోటలోకి వెళ్ళి వచ్చిన మనిషి చొక్కా కూడా మసిపూసినట్టయ్యేది. చేత్తో మందు కొడితే లాభం లేదని, హెలికాప్టర్‌తో కొట్టిస్తామని ఆఫీసర్లు చెప్పారు. ఎక్కడో దూరం నుంచి ఒక కంపెనీ వచ్చింది. రోలుగుంట వైపు బీడులో హెలికాప్టర్ దిగిన రోజున ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. నేనూ వెళ్ళాను. డ్యూటీ అయ్యాక, యూనిఫారం కూడా మార్చుకోకుండా వెళ్ళాను. దుమ్ము లేపుకుంటూ అది దిగుతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఊళ్ళల్లో టముకు వేశారు. మందు కొట్టే రోజు తోటల దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. నూతుల మీద తడికెలు కప్పుకోవాలి. పశువుల్ని ఇంటి దగ్గరే కట్టుకోవాలి. పిల్లల్ని బయటికి వదలకూడదు. అంత జాగ్రత్తగా చెప్పిన వాళ్ళే, అదే నోటితో, జెండాలు పట్టుకోవడానికి మనుషులు కావాలన్నారు. పైనుంచి పైలట్‌కు ఏ వరస దాకా మందు పడిందో, ఏ వరస మిగిలిందో తెలియాలి కదా. అందుకని తోటకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పొడుగాటి వెదురుకర్రకు తెల్లగుడ్డ కట్టి ఎత్తి పట్టుకోవాలి. హెలికాప్టర్ ఆ రెండు జెండాల మధ్యన చెరకు తలలకు తగులుతుందా అన్నట్టు వెళుతుంది. అది దాటాక జెండా వాళ్ళు నాలుగడుగులు పక్కకు జరగాలి. పశువుల్ని కూడా ఉంచకూడదన్న చోట, వాళ్ళు నిలబడాలి.

అలా నిలబడిన వాళ్ళలో ఆలుమగలిద్దరు. కొండమీద వాళ్ళు. పంటలప్పుడు కిందికి దిగి కూలికి వచ్చేవాళ్ళు, మిగతా రోజుల్లో కొండచీపుర్లూ అడ్డాకులూ సంతకు తెచ్చేవాళ్ళు. ఆమెకు నలభై ఐదేళ్ళుంటాయి. మగవాళ్ళంత పొడుగు. పొడుగ్గా ఉందనే ఆమెను ఎంచుకున్నారు.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకు మా ఆస్పత్రి ముందు జీపు ఆగింది. కంపెనీ సూపర్‌వైజరు దూకి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. వెనక సీట్లో పైలట్. నుదురు చీలి మొహమంతా రక్తం. కుడికాలు మోకాలి కింద వంకరపోయి ఉంది. ఒంటి నుంచి మందు వాసన గుప్పుమంటోంది. డాక్టరుగారు బట్టలు కత్తిరించి తీయించారు. సబ్బుతో ఒళ్ళు కడిగించారు. కాలికి చెక్కలు కడుతూ సూపర్‌వైజర్ను అడిగారు.

"ఇంకెవరికైనా దెబ్బలు తగిలాయా?"

"లేదండి. ఈయనొక్కడే."

"అక్కడ పనిచేసే వాళ్ళకో? మందు ఎవరి మీదైనా పడిందా?"

"ఎవరూ లేరండి అక్కడ. మేమే లాగాం ఈయన్ని."

ఈ మాటలు నేను పక్కనే గిన్నె పట్టుకుని నిలబడి విన్నాను. ఆ మనిషి తడుముకోలేదు. కళ్ళు కిందికి దించలేదు.

పైలట్ ఉత్తరాది మనిషి. నొప్పితో పళ్ళు బిగించుకుని నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంటున్నాడు. "ఝండావాలీ కహా హై? ఝండావాలీ?" నాకు హిందీ అంతగా రాదు. జెండా అంటున్నాడని అర్థమైంది గానీ, జెండా పట్టుకున్న మనిషి ఎక్కడని అడుగుతున్నాడని తెలియలేదు. స్పృహ సరిగా లేక ఏదో అంటున్నాడనుకున్నాను. "అలాగే అలాగే" అని పడుకోబెట్టాను.

ఊరంతా ఆస్పత్రి దగ్గర చేరింది. ఆఫీసర్లు వచ్చారు. ఎవరో యాపిల్ పండ్లు కూడా తెచ్చారు. గేటు మూయించడానికి కాంపౌండరు గొంతు చించుకుంటున్నాడు. అలాంటప్పుడు, జీపు వచ్చిన గంటన్నరకు, జనం వెనక నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది.

జెండా పట్టుకున్న ఆమె మొగుడే బండి తోలుకొచ్చాడు. కిందికి దిగి నా కాళ్ళ మీద పడబోయాడు.

"సిస్టరమ్మా, బేగి రండమ్మా. దీనికి మాట రాట్నేదు. ఒల్లంతా మందేనమ్మా. జీపులో ఎక్కించుకోండి బాబూ అంటే సీట్లు పాడైపోతాయన్నారు. బండి కట్టించుకుని రమ్మన్నారు."

బండిలో గడ్డి మీద ఆమె పడి ఉంది, ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. చీర, జుట్టు, చేతులు, నడుము కిందదాకా మందుతో తడిసి, ఎండకు కొంత ఆరి, ఒంటికి అంటుకుపోయి ఉంది. నోటి నుంచి చొంగ ధారగా కారుతోంది. చెంపల కింద కండలు వాటంతటవే అదురుతున్నాయి. రెప్ప ఎత్తి చూశాను. కంటిపాప గుండుసూది మొనంత అయిపోయింది. పురుగుమందు తాగిన వాళ్ళను అప్పటికి చాలామందిని చూశాను. ఇది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సూపర్‌వైజరు వరండాలోనే ఉన్నాడు. "దడుచుకుందండి, అంతే. నీళ్ళు పట్టిస్తే తేరుకుంటుంది" అన్నాడు.

"ఎవరూ లేరన్నారు కదండీ అక్కడ?" అన్నాను.

అతను సిగరెట్టు పారేసి బయటికి వెళ్ళిపోయాడు.

లోపలికి కేకేశాను. డాక్టరుగారు చేతులకు పిండికట్టు తడితోనే గుమ్మం దాకా వచ్చి ఒక్క చూపు చూశారు. "అట్రోపిన్ మొదలుపెట్టమ్మా, నేనొచ్చేస్తున్నా" అన్నారు. ఆమె చీర కత్తెరతో కోసి తీశాను. నూతి దగ్గరికి మోసుకెళ్ళి అడ్డంగా దుప్పట్లు పట్టించి, ఆమె మొగుడు చేదతో నీళ్ళు తోడుతుంటే సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. నడుం దాకా ఉన్న జుట్టు. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వస్తూనే ఉంది. చివరికి కత్తిరించేశాను. మా దగ్గరున్న విరుగుడు మందు, ఆ అట్రోపిన్, అయిపోతే కాంపౌండరు సైకిలు మీద ఊళ్ళోకి వెళ్ళి మందుల షాపులన్నీ తిరిగి దొరికినంతా పట్టుకొచ్చాడు. పది నిమిషాలకోసారి సూది. నోరు ఆరేదాకా, కంటిపాప విప్పారేదాకా.

మధ్యాహ్నానికి పాప విప్పారింది. కానీ అట్రోపిన్ ఎక్కువైతే మనిషి కలవరిస్తుంది. ఆమె కుడిచెయ్యి గాల్లోకి లేపి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది. ఊపి ఊపి, చెయ్యి పడిపోతే రెండో చేత్తో ఊపుతోంది. ఎండిన గొంతుతో ఒకటే అరుపు.

"ఎల్పో! ఎల్పో! తీగ బాబూ, తీగ! ఎల్పో!"

ఆడవాళ్ళ వార్డుకూ మగవాళ్ళ వార్డుకూ మధ్యన ఒక చెక్క తడికే అడ్డం. అవతల పైలట్ విన్నాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆ అరుపు విని లేచి కూర్చోబోయాడు. నేను వెళితే, నాకు అర్థమయ్యేలా వచ్చీరాని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. ఆమె జెండాను అడ్డంగా ఊపిందట. ఆ వరస అయిపోయింది, తర్వాతి దానికి రమ్మంటోందని అతను అనుకున్నాడట. వద్దంటోందని కూలిపోయాక గాని తెలియలేదట. ప్రమాదం ఉంటే ఎలా ఊపాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె ఊపితే దేనికో ఇతనికీ ఎవరూ చెప్పలేదు. ఆ చివర నూతి మోటారుకు కొత్తగా కరెంటు తీగ లాగారనే సంగతి అతనికి ఇచ్చిన కాగితంలోనే లేదు.

"నన్ను బయటికి తీసింది ఆమే" అన్నాడు చివరికి.

మూడో రోజుకు ఆమె మాట్లాడింది. పక్కన కూర్చుని గంజి పడుతూ విన్నాను.

"పొద్దున్నే సెప్పినానమ్మా. ఆ సివర్న తీగుంది బాబూ, కొత్తగా ఏసినారు, తాళ్ళసెట్ల ఎనకాల అవుపడదు అని. నీకెందుకే, జెండా ఎత్తి నిలబడు అన్నాడా బాబు. ఇది తిన్నగా తీగ మీదకే వస్తంది. ఇలగ ఊపీసినాను. అరిసినాను. ఆ సప్పుడులో ఎవులికినపడతాది?"

"తర్వాత?"

"తోక తగిలింది. గిర్రున తిరిగి సెరుకులో పడిపోనాది. మనిషి లోపల బెల్టుకి ఏలాడతన్నాడు. మందు కింద మడుగు కట్టీసింది. నా మొల్లో కత్తుంది. కోసి లాగీసినాను."

"నీ ఒంటి మీద పడుతుందని తెలీదా? అది విషం కదా!"

ఆమె నా వంక వింతగా చూసింది. "మనిషి ఏలాడతంటే ఒగ్గీసి ఎలగొచ్చీమంటావమ్మా?"

ఆ రోజే పైలట్‌ను వైజాగ్ తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. స్ట్రెచర్ను ఆడవాళ్ళ వార్డు గుమ్మం దగ్గర ఆపమన్నాడు. అక్కడి నుంచి ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె సిగ్గుపడి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. విచారణలో ఉన్నది ఉన్నట్టు చెబుతానని అతను నాతో అన్నాడు. ఆ మాట ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడగాలని నాకు తోచలేదు. ఆ తెలివి వ్యాను వెళ్ళిపోయాక వచ్చింది.

పేపర్లో వార్త పడింది. మందు చల్లుతున్న హెలికాప్టర్ కూలిందని, సూపర్‌వైజరు ప్రాణాలకు తెగించి పైలట్‌ను బయటికి లాగాడని. ఆమె మొగుడికి చదివి వినిపించడానికి కూడా మనసొప్పలేదు. ఇంకోపక్క, పడిన ఇనుప ముక్కల చుట్టూ తాడు కట్టి రాత్రింబవళ్ళు కాపలా పెట్టారు. నెలరోజులకు పైగా ఆ కాపలా ఉంది. ఈమె బతికిందో లేదో కనుక్కోవడానికి ఒక్కరు రాలేదు.

కాదు, వచ్చారు. వారం తర్వాత వచ్చారు. సూపర్‌వైజరూ, అతనితో ఒక ఆఫీసరూ. వచ్చింది ఆమెను చూడ్డానికి కాదు, ఆమె కేసు షీటు చూడ్డానికి.

"పురుగుమందు ఒంటి మీద పడి, అని రాశారు. అలా ఉంటే జనం హడలిపోతారండి. రేపు ఇంకో ఊళ్ళో పని ఉంది, జెండా పట్టుకోవడానికి ఎవరూ రారు. ఎండదెబ్బ అని రాసేస్తే సరిపోతుంది" అన్నాడు ఆఫీసరు. చాలా మర్యాదగా అన్నాడు. టీ కూడా తాగాడు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన నెమ్మదస్థుడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆస్పత్రిని నడిపేవాడు. ఎవరితోనూ మాట పెంచుకునేవాడు కాదు. ఒప్పుకుంటారేమోననుకున్నాను. ఆయన నన్ను పిలిచారు.

"అమ్మా, ఈ షీటు నువ్వు రాసిందేనా?"

"అవునండి."

"చూసిందే రాశావా?"

"చూసిందే రాశానండి. నా చేతులతో కడిగాను."

"అయితే అది అలాగే ఉంటుందండి" అన్నారు వాళ్ళతో. షీటు తిరిగి నా చేతికిచ్చారు. నా జీవితంలో ఎవరి మీదా అంత గౌరవం కలగలేదు.

ఆమె ఇంటికి వెళ్ళిపోయిన రెండు మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. మొగుడు భుజం మీద చెయ్యి వేసి, ఒక్కో అడుగూ నేలకేసి కొడుతూ వచ్చింది. పాదాల్లో పట్టు లేదు. మొదట తిమ్మిరన్నది, తర్వాత పాదాలు వేలాడిపోయాయి. కొన్ని మందులు ఒంట్లోకి దిగితే ఇలా ఆలస్యంగా నరాలు పడిపోతాయని డాక్టరుగారు పుస్తకం తీసి చూసి చెప్పారు. బాగవుతుందా అని అడిగాను. ఆయన పుస్తకం మూసేశారు. కొండెక్కి దిగే మనిషికి పాదాలు పోతే ఏం మిగులుతుంది?

విచారణ ట్రావెలర్స్ బంగళాలో జరిగింది. ఆమెకు పిలుపు వచ్చింది. వాళ్ళిద్దరికీ ఆఫీసు గదుల్లోకి వెళ్ళడమే భయం. అందుకని సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. లోపల బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు. పక్కన గుమాస్తా. ఆమెను నిలబెట్టే అడుగుతున్నారు. కుర్చీ వేయించండి, కాళ్ళు నిలవవు అన్నాను. కొంచెం చిరాగ్గా వేయించారు.

"జెండా ఊపావా?"

"ఊపినాను బాబూ. అటూ ఇటూ ఊపినాను."

"ఊపమని ఎవరైనా చెప్పారా?"

"నేదు బాబూ. తీగుందని..."

"చెప్పలేదు కదా. సరే."

గుమాస్తా ఇంగ్లీషులో రాస్తున్నాడు. నేను బల్లకు దగ్గరగా నిలబడ్డాను. తలకిందులుగా ఉన్న కాగితం చదవడం వార్డులో అలవాటైన పనే. ఆదేశం లేకుండా జెండా తప్పుగా ఊపి పైలట్‌ను తికమక పెట్టానని ఒప్పుకున్నట్టు రాశాడు. తీగ మాట లేదు. పొద్దున్నే చెప్పిన మాట లేదు. బెల్టు కోసిన మాట లేదు. ఇంకు పెట్టె తెరిచి ఆమె బొటనవేలు పట్టుకున్నాడు.

నేను ఆమె చెయ్యి వెనక్కి లాగేశాను.

"ఆమె అన్నది అది కాదండి. హెచ్చరించడానికి ఊపింది. తీగ ఉందని పొద్దున్నే చెప్పింది. ఆమె చెప్పింది రాయండి."

"సిస్టరుగారూ, మీరు తోడు వచ్చారా, సాక్ష్యం చెప్పడానికి వచ్చారా?"

"రెండింటికీ వచ్చాననుకోండి. మీరు రాసింది తెలుగులో చదివి వినిపిస్తాను. ఔనంటేనే వేలు వేస్తుంది."

అంత గట్టిగా నేను అంతకుముందు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ళలో పెద్దాయన కొత్త కాగితం తీయమని గుమాస్తాకు చెప్పాడు. అప్పుడు మొదటినుంచీ చెప్పించారు. వాక్యం వాక్యం నేను చదివాను. ఆమె ప్రతిదానికీ "ఔను, అలగే" అంది. తర్వాత వేలిముద్ర వేసింది.

ఆ విచారణ ఏం తేల్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. పైలట్ ఏం చెప్పాడో తెలియదు. రెండు ఉత్తరాలు రాశాను, ఆఫీసుకొకటి, కంపెనీకొకటి. జవాబు రాలేదు. ఇంత జరిగినా ఎవరి కుర్చీ కదల్లేదు. ఆమె పాదాలే కదలకుండా పోయాయి.

మరుసటి ఏడు మళ్ళీ హెలికాప్టర్ వచ్చింది. మళ్ళీ టముకు వేశారు, జెండాలకు మనుషులు కావాలని. ఈసారి నేను ఊరుకోలేదు. ఆస్పత్రికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను. ఆదివారం చర్చి అయ్యాక వాకిట్లో నిలబడి చెప్పాను. ఆమె సంతలో చీపుర్ల కట్ట పక్కన కూర్చుని, చీర అంచు ఎత్తి పాదాలు చూపించి చెప్పింది. నాకంటే ఆమె మాటే ఎక్కువ పనిచేసింది. ఒక్కరంటే ఒక్కరు వెళ్ళలేదు.

గత్యంతరం లేక కంపెనీ వాళ్ళే దిగారు. రోడ్డు పక్కనుంచి నా కళ్ళతో చూశాను. ఆ సూపర్‌వైజరే వెదురుకర్ర పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా గంబూట్లు, రబ్బరు కోటు, చేతులకు తొడుగులు, మూతికి ముసుగు. కొత్తగా తెచ్చారేమో, పోనీలే, ఈ మాత్రం బుద్ధి వచ్చింది అనుకున్నాను. పక్కన నిలబడ్డ వాళ్ళ వ్యాను డ్రైవరును అడిగితే అతను నవ్వాడు.

"కొత్తవేటండి? ఎప్పుడూ వ్యానులోనే ఉంటాయి. నిరుడు కూడా ఉన్నాయి. ఎవులూ అడగలేదు, మేం తియ్యలేదు."

ఆ నవ్వు నేను మర్చిపోలేను. మందు పడింది, తీగ తగిలింది, అవన్నీ పొరపాట్లే అనుకుందాం. ఆ కోట్లు వ్యానులో మడతపెట్టి ఉండగా ఆమెను ఒంటి మీద ఒక్క చీరతో నిలబెట్టడం పొరపాటు కాదు. తెలిసి చేసిన పని.

ఎనభైల్లో నేను రోజూ ఏజెన్సీ బస్సులో ఇంకో ఊరి సబ్‌సెంటరుకు వెళ్ళి వచ్చేదాన్ని. వాళ్ళిద్దరూ కొండ దిగి వచ్చేసి నర్సీపట్నం బస్టాండు గోడ వారన చీపుర్లు అమ్ముకునేవారు. మొగుడు కొండ నుంచి తెచ్చేవాడు, ఆమె కూర్చుని కట్టలు కట్టేది. ఒకరోజు సాయంత్రం నేను బస్సు దిగేసరికి, ప్యాంటూ చొక్కా వేసుకున్న ఒకాయన చీపురు బేరమాడుతూ కాళ్ళకేమైందని అడిగినట్టున్నాడు. ఆమె చెబితే అతనికి నమ్మకం కుదరలేదు.

"హెలికాప్టరేంటమ్మా, నువ్వు లాగడమేంటి! నేనూ పేపర్లో చదివాను, ఎవరో ఆఫీసరు లాగాడని" అంటున్నాడు నవ్వుతూ.

ఆమె కోపం తెచ్చుకోలేదు. నన్ను చూసి చెయ్యెత్తి పిలిచింది.

"అదిగో సిస్టరమ్మ వచ్చింది. ఆయమ్మనే అడుగు బాబూ."

సంచి కింద పెట్టి, ఆమె పక్కన గట్టు మీద కూర్చుని, ఆ పెద్దమనిషికి మొదటినుంచీ చెప్పాను. బండి నుంచి వేలాడిన చేతి దగ్గర్నుంచి వ్యానులోని రబ్బరు కోట్ల దాకా. చెబుతుంటే నా గొంతు పెరిగింది. చుట్టూ ఇంకో నలుగురు చేరారు. అతని నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, చివరిదాకా నిలబడి విన్నాడు.